మేడ మీది అక్షరాలు

ప్రశాంతి ఆ వైర్‌లెస్ కీబోర్డు కొన్నది మెడనొప్పి పడలేక. రోజంతా టేబుల్ మీదికి వంగి టైప్ చేస్తుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి జారగిలబడి కొట్టుకోవచ్చని ఎవరో చెబితే సరేననుకుంది. పెట్టె విప్పి, అడుగున ఉన్న చిన్న స్విచ్ జరిపి, నీలం లైటు మిణుకుమనేదాకా ఒక మీట నొక్కి పట్టుకుంది. కంప్యూటర్‌లో బ్లూటూత్ తెరిస్తే కాసేపు వెతికి, తెర మీద ఆరు అంకెలు చూపించింది. ఆ అంకెల్ని కొత్త కీబోర్డు మీదే కొట్టి ఎంటర్ నొక్కమంది. నొక్కగానే రెండూ కలిశాయి. అంతే పని.

తీరా రెండు రోజులు వాడాక అది చేతికి నచ్చలేదు. మీటలు చిన్నవి, మెత్తనివి, చప్పుడు లేనివి. ప్రశాంతి వేళ్ళు ఇనుప టైప్ మిషన్ల మీద నేర్చిన వేళ్ళు. గట్టిగా కొడితేగాని కొట్టినట్టుండదు. మూడో రోజున పాత వైరు కీబోర్డే ముందుకు లాక్కుని, కొత్తదాన్ని అలమరలో పడేసింది.

ఆ షాపు తెనాలి మోరిస్‌పేటలో ఒక డాబా ఇంటి కింది గది. ఇల్లు పూర్ణచంద్రరావు మాస్టారిది, వాళ్ళుండేది పైన మేడ మీద. ఒకప్పుడు అదే గదిలో ఆయన ముప్ఫై అయిదేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారు. ఇంటర్ అయ్యాక ప్రశాంతి రేపల్లె నుంచి పొద్దున్నే పాసింజరు రైలెక్కి వచ్చి ఇక్కడే టైపు నేర్చుకుంది. మీటలు కనపడకుండా చేతుల మీద తువ్వాలు కప్పి నేర్పేవారు మాస్టారు. లోయర్ పరీక్షకి బాపట్ల వెళ్ళాల్సివస్తే, పద్నాలుగు మందినీ, మిషన్లనీ వ్యానులో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. ఆయన భార్య మాణిక్యాంబగారి పుట్టిల్లు బాపట్లే. ఆ రోజు అందరికీ అక్కడే పులిహోర కలిపి పెట్టిందావిడ. తర్వాత పెళ్ళయి ప్రశాంతి తెనాలికే వచ్చింది. మాస్టారు ఇన్‌స్టిట్యూట్ మూసేసినప్పుడు, ఆ గదిని ఆమెకే అద్దెకిచ్చారు.

కిందటి ఆగస్టులో మాస్టారికి పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో నెలన్నర ఉన్నారు. మాట పోయింది. ముఖంలో కదలిక పోయింది. కాళ్ళూ, కుడి చెయ్యీ పోయాయి. ఎడమ చేతి వేళ్ళు మాత్రం కొద్దిగా ఆడతాయి. మనిషి ఉన్నాడుగానీ ఏదీ తెలియదని, ఆశ పెట్టుకోవద్దని అక్కడ చెప్పి పంపారు.

ఆయన ఆసుపత్రిలో ఉన్న పన్నెండో రోజున, ఇంటి దగ్గర మాణిక్యాంబగారు ఉన్నట్టుండి కుప్పకూలి పోయారు. గుండె. కొడుకు హర్ష తండ్రిని ఐసీయూలో వదిలి వచ్చి తల్లికి తలకొరివి పెట్టాడు. ఆ రోజు ప్రశాంతి కూడా అక్కడే ఉంది. మాస్టారిని ఇంటికి తెచ్చాక ఆయనకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తెలియని మనిషికి ఏం చెబుతారు? హాల్లో ఆవిడ ఫోటోకి దండ వేలాడుతోంది. మాస్టారి మంచం రోడ్డు వైపు, సరిగ్గా షాపు పైనున్న గదిలో ఉంది. ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. ఇక ఆ ఇంట్లో ఆవిడ పేరెత్తడమే మానేశారు. ఎత్తితే హర్షకీ, అతని భార్య నీరజకీ కూడా ఏడుపు ఆగేది కాదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం నీరజ కిందికి వచ్చి కూర్చుంది.

"మామయ్యగారి ఎడమ చెయ్యి ఊరుకోవట్లేదు ప్రశాంతీ. దుప్పటి మీద ఒకటే గీకుతుంటారు. బంతి చేతిలో పెట్టమన్నారు, పెడితే జారిపోతోంది. చూడలేకపోతున్నాను."

ప్రశాంతికి అలమరలో కీబోర్డు గుర్తొచ్చింది.

"నా దగ్గర ఒకటి ఊరికే పడుంది అక్కా. జీవితమంతా దాని మీదే కదా, చేతి కింద పెడితే అలవాటైన వస్తువులా ఉంటుంది."

తనే మేడ మీదికి తీసుకెళ్ళి, ఆయన ఎడమ చేతి కింద చిన్న దిండు వేసి, దాని మీద ఆ కీబోర్డు పెట్టింది. పసివాడికి గిలక్కాయ ఇచ్చినట్టే ఇచ్చింది. స్విచ్ వేసుందో తీసుందో కూడా చూసుకోలేదు. మాస్టారితో ఒక్క మాటా మాట్లాడలేదు. గదిలో ఉన్నంతసేపూ నీరజతోనే, పాల ప్యాకెట్ల గురించి మాట్లాడింది.

మర్నాడు పొద్దున పదకొండు గంటలకి, రిజిస్ట్రాఫీసు దగ్గర దస్తావేజులు రాసే బ్రహ్మానందం వచ్చి ఒక అఫిడవిట్ ఇంగ్లీషులో చెప్పి కొట్టిస్తున్నాడు. ఎవరిదో సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడిందట. టీ వచ్చింది. ప్రశాంతి కీబోర్డు వదిలి గ్లాసు అందుకుంది.

తెర మీద అక్షరాలు పడడం మొదలైంది.

"ఏంటమ్మా, దానంతటదే కొట్టుకుంటోంది?" అన్నాడు బ్రహ్మానందం.

అఫిడవిట్ మధ్యలో, ఒక్కొక్కటే, ఎవరో ఆలోచించుకుంటూ కొట్టినట్టు పడుతున్నాయి. ప్రశాంతి కీబోర్డు కింద ఏమైనా ఇరుక్కుందేమోనని ఎత్తి చూసింది. ఏమీ లేదు. వైరు పీకేసింది. అయినా అక్షరాలు ఆగలేదు.

"వైరస్సేమోనండి," అంది గానీ ఆమె గొంతు ఆమెకే నమ్మకంగా వినిపించలేదు.

బ్రహ్మానందం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "కట్టెయ్యమ్మా, కట్టెయ్. నా కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి."

ఆమె కట్టెయ్యడానికి చెయ్యి చాచి ఆగిపోయింది. మొదట పడినవి గజిబిజిగా ఉన్నాయి. ఇప్పుడు పడుతున్నవి గజిబిజి కావు. ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. ఖాళీ. మళ్ళీ ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. ఖాళీ. అలా ఆరు సార్లు అయ్యాక ఎంటర్ పడి, రెండో వరుస మొదలైంది.

టైపు నేర్చుకునే వాళ్ళు మొట్టమొదటి రోజు కొట్టే పాఠం అది. ఎడమ చేతి పాఠం. వరుసకి ఆరు సార్లు, తర్వాత కింది వరుస. ఈ గదిలో, ఈ గోడ పక్కన కూర్చుని తను కాగితాలకి కాగితాలు కొట్టిన పాఠం. అందులో కుడి చేతి పాఠం కూడా ఉండాలి. అది మాత్రం ఎక్కడా పడలేదు.

ప్రశాంతి తలెత్తి పైకప్పు వైపు చూసింది. టీ ఒలికి ఒళ్ళో పడింది. కాలిన సంగతి కూడా ఆమెకి తెలియలేదు.

"బ్రహ్మానందంగారూ, దాన్ని ముట్టుకోకండి. ఒక్క నిమిషం," అని చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది.

వంటింట్లో నీరజ పప్పు తాలింపు పెడుతోంది. "ఏంటే, ఏమైంది?" అని అడిగినా ప్రశాంతి ఆగలేదు. మాస్టారి గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన కళ్ళు పైకప్పు మీద ఉన్నాయి. ముఖం ఎప్పటిలాగే చెక్కినట్టుంది. ఎడమ చేతి వేళ్ళు మాత్రం కదులుతున్నాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, చూపుడు వేలు. తర్వాత బొటనవేలు ఖాళీ మీట మీద పడింది. ఏ వేలు ఏ మీట మీద ఉండాలో ఆ వేలు ఆ మీట మీదే ఉంది.

"మాస్టారూ," అంది ప్రశాంతి.

ఆరు నెలల్లో ఆమె ఆయన్ని పిలవడం అదే మొదటిసారి. ఆయన వేళ్ళు ఆగిపోయాయి.

"మాస్టారూ, నేను ప్రశాంతినండి. రేపల్లె ప్రశాంతిని. మీకు నా మాట వినపడుతోందా?"

వేళ్ళు మళ్ళీ కదిలాయి. కానీ ఏం కొట్టారో తెలిసేది కింద తెర మీద. ప్రశాంతి పరుగున హాల్లోకి వచ్చి నీరజ భుజాలు పట్టుకుంది.

"అక్కా, స్టవ్ కట్టెయ్యండి. కింద నా కంప్యూటర్ ముందు కూర్చోండి. నేను ఫోన్ చేస్తాను. తెర మీద ఏం పడితే అది నాకు చదివి చెప్పండి."

"ఎందుకే? ఏం పడుతుంది?"

"మాస్టారు టైప్ చేస్తున్నారక్కా."

నీరజ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయింది. ఇంకేమీ అడక్కుండా చెయ్యి తుడుచుకుని దిగి వెళ్ళింది. ప్రశాంతి ఫోన్ స్పీకరు పెట్టి మంచం పక్కన కూర్చుంది.

"అవును అని ఉంది," అంది ఫోన్లో నీరజ.  "ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. అవును, అవును అని రెండు సార్లుంది ప్రశాంతీ."

"ఇంకా ఏమైనా చెప్పాలా మాస్టారూ? ఏమైనా కావాలా?"

ఆయన ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర చాలా కష్టం మీద కుడి వైపుకి జరిగింది. జరగడానికే అర నిమిషం పట్టింది. కుడి చెయ్యి కొట్టాల్సిన అక్షరాల కోసం ఎడమ చేత్తో వెతుకుతున్నారు, చూడకుండా.

"ఎమ్," అని చదివింది నీరజ. "ఏ. ఎన్. ఐ. కె." కింద నుంచి ఒక్కొక్క అక్షరం చదువుతోంటే ఇక్కడ ఒక్కొక్క వేలు పడుతోంది. "వై. ఏ. ఎమ్. తర్వాత ఖాళీ..."

అక్కడ నీరజ గొంతు ఆగిపోయింది. మాస్టారి వేళ్ళు ఆగలేదు. ఇంకో అయిదారు అక్షరాలు కొట్టి, వాలిపోయాయి.

"అక్కా? అక్కా, ఏం పడింది?"

 ఫోన్లో కుర్చీ కదిలిన చప్పుడు వచ్చింది. తర్వాత మెట్ల మీద పరుగు. నీరజ గుమ్మం పట్టుకుని నిలబడింది.  ప్రశాంతిని చూసి, శబ్దం లేకుండా పెదాలతో చెప్పింది. మాణిక్యం ఎక్కడ.

ప్రశాంతి మాస్టారి వైపు తిరిగింది. ఏదీ తెలియదనుకున్న ఈ మనిషి ఆరు నెలలుగా ఈ ఒక్క ప్రశ్న పెట్టుకుని పడుకున్నారు. దుప్పటి మీద గీకినదల్లా ఇదేనేమో.

నీరజ మంచం దగ్గరికి వచ్చి, "అత్తయ్యగారు బాపట్ల వెళ్ళారు మామయ్యగారూ," అంది. "వాళ్ళన్నయ్యగారికి ఒంట్లో బాగోలేదని. వచ్చేస్తారు."

ప్రశాంతి ఉలిక్కిపడి ఆమె వైపు చూసింది. నీరజ చూపు తిప్పుకుంది. మాస్టారి వేళ్ళు మళ్ళీ కదిలాయి. కింద ఎవరూ లేరనుకున్నారు ఇద్దరూ. కానీ ఫోన్ ఇంకా కలిసే ఉంది. నీరజ తన ఫోన్ కింద టేబుల్ మీదే వదిలేసి వచ్చింది. ప్రశాంతి ఫోన్లోంచి బ్రహ్మానందం గొంతు వినిపించింది.

"అమ్మా ప్రశాంతీ, ఇందులో ఎప్పుడొస్తుంది అని పడిందమ్మా. ఎవరమ్మా రావాల్సింది?"

హర్ష పొన్నూరులో రైస్ మిల్లు చూసుకుంటాడు. నీరజ ఫోన్ చేస్తే గంటలో వచ్చాడు. మొదట నమ్మలేదు. "వేళ్ళు అలా కదులుతుంటాయని డాక్టరే చెప్పాడు. మీరిద్దరూ ఏదో ఊహించుకుంటున్నారు," అన్నాడు. ప్రశాంతి మాట్లాడకుండా షాపు మూసి, కంప్యూటర్‌నీ మానిటర్‌నీ మేడ మీదికి చేర్పించి, మాస్టారికి కనపడేలా స్టూలు మీద పెట్టింది. కీబోర్డుని మళ్ళీ కలిపే పని లేకపోయింది. కంప్యూటర్ వెలగగానే అదే కలిసింది.

"నాన్నా," అన్నాడు హర్ష, నిలబడే. "నేను టెన్త్‌లో ఉండగా ఇంట్లో చెప్పకుండా ఒక చోటికి వెళ్ళి మీకు దొరికిపోయాను. ఎక్కడికి?"

ప్రశాంతికిగానీ నీరజకిగానీ తెలియని సంగతి అది. చెయ్యి నెమ్మదిగా జరిగింది. తెర మీద, తప్పులతో, పడింది: సూర్యలంక బీచ్. కాసేపాగి ఇంకో రెండు మాటలు పడ్డాయి: టికెట్ లేకుండా.

హర్ష నిలబడ్డవాడు నిలబడ్డట్టే నేల మీద కూలబడ్డాడు. "అయ్యో నాన్నా," అని మాత్రం అనగలిగాడు. తండ్రి పక్కనే నిలబడి తను ఎన్ని మాట్లాడాడో, ఎవరెవరికి ఫోన్లో, "ఆయనకేం తెలీదండి, పడున్నాడంతే," అని ఎన్నిసార్లు చెప్పాడో, అవన్నీ ఒక్కసారిగా మీద పడినట్టు తల పట్టుకున్నాడు.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ముందు ఆశ్చర్యపోయి, తర్వాత జాగ్రత్త చెప్పారు. భార్య సంగతి ఇప్పుడే చెప్పొద్దు, రక్తపోటు పెరిగితే ప్రమాదం, నెమ్మదిగా చూద్దామన్నారు. దాంతో నీరజ భయంతో ఆడిన అబద్ధమే అందరి అబద్ధమైంది. బాపట్లలో పెద్దమామయ్యకి జ్వరం తగ్గలేదన్నారు. వర్షాలన్నారు. ఫిబ్రవరిలో వర్షాలేమిటని ప్రశాంతికి అనిపించిందిగానీ మాట దాటిపోయింది. అన్నిటికీ తెర మీద ఒకటే జవాబు వచ్చేది. ఎప్పుడొస్తుంది. పొద్దున్నే కాఫీ ముక్కులోని గొట్టంలోంచి పోస్తున్నప్పుడూ అదే. ఒళ్ళు తుడిచేటప్పుడూ అదే.

మూడో రోజు మధ్యాహ్నం కొత్త మాట వచ్చింది. ఫోన్ చేసి గొంతు వినిపించండి.

హర్ష ఆడవాళ్ళిద్దర్నీ హాల్లోకి పిలిచాడు. తల్లి ఫోటో కిందే నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బాపట్లలో పిన్ని గొంతు అచ్చం అమ్మ గొంతే. ఫోన్లో అయితే నేనే పోల్చుకోలేను. రెండు ముక్కలు మాట్లాడిద్దాం. కులాసానా, మందులు వేసుకుంటున్నారా అని. ఒక నెల గడుస్తుంది. ఈలోగా ఆయన కాస్త కుదుటపడతారు."

 ప్రశాంతి ఊరుకోలేకపోయింది.

"వద్దు అన్నయ్యగారూ."

"నీకు తెలీదు ప్రశాంతీ. నాన్నకి ఏమన్నా అయితే? మళ్ళీ ఇంకోసారి నేను..." అతను తల్లి ఫోటో వైపు చూశాడు.

"నాకూ భయంగానే ఉందండి. కానీ ఆయన ఆరు నెలలు ఒక్క మాట అడగడానికి తంటాలు పడ్డారు. ఆ మాటకి దొంగ గొంతు వినిపిస్తామా? రేపు మాస్టారికి తెలిస్తే మన మొహం చూస్తారా?"

"తెలిస్తే కదా!"

"అమ్మగారు పోయిన సంగతి ఎన్నాళ్ళు దాస్తారండి? ఏడాది తిరిగితే సంవత్సరీకం చెయ్యాలి. అప్పుడూ బాపట్లలోనే ఉన్నారంటారా?"

వాదన పెరిగింది. గొంతులు ఎప్పుడు పైకి లేచాయో ముగ్గురికీ తెలియలేదు. ముందుగా నీరజే చూసింది. మాస్టారి గది తలుపు మూసి లేదు. కంప్యూటర్ పెట్టినప్పుడు దాని వైరు హాల్లోంచి లాగారు, అప్పట్నుంచీ ఆ తలుపు మూసుకోవడం లేదు. గుమ్మంలోంచి స్టూలు మీది తెర సగం కనిపిస్తోంది. దాని మీద ఒక కొత్త వరుస ఉంది.

నాకు వినపడుతోంది.

  హర్షే ముందు లోపలికి వెళ్ళాడు. తండ్రి కాళ్ళ దగ్గర మంచం మీద కూర్చుని, ఆ కదలని పాదాలు రెండు చేతులతో పట్టుకుని చెప్పాడు.

"అమ్మ లేదు నాన్నా. పోయింది. మీరు ఆసుపత్రిలో ఉండగానే పోయింది. మీకు తెలియదనుకున్నాం. తెలియదు కదా అని చెప్పలేదు. అంతే నాన్నా, ఇంకేం లేదు. మమ్మల్ని క్షమించండి."

తెర మీద గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది. ప్రశాంతి ఆ గీతనే చూస్తూ నిలబడింది. మాస్టారి ముఖం వైపు చూసే ధైర్యం లేకపోయింది. చాలాసేపటికి గీత కదిలింది.

ఏ రోజు.

"ఆగస్టు ఇరవై ఒకటి. బుధవారం. పొద్దున ఎనిమిదింటికి."

ఒక్కతే ఉందా.

"లేదు మామయ్యగారూ," అంది నీరజ ఏడుస్తూ. "నేను పక్కనే ఉన్నాను. మీ దగ్గరికి గుంటూరు బస్సుకే బయల్దేరుతున్నారు. నాకు ఇడ్లీలు సర్దమని చెబుతూ చెబుతూ ఒరిగిపోయారు. నా చేతుల్లోనే."

మళ్ళీ గీత ఆగిపోయింది. ఈసారి ఇంకా చాలాసేపు ఆగింది. ఆ తర్వాత వచ్చిన మాటలు రావడానికి పావుగంట పైగా పట్టింది. అక్షరాలు తప్పుతూ, ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. హర్ష చదవలేక తల తిప్పేసుకుంటే ప్రశాంతి చదివింది.

నేను దాని మీద కోపంగా ఉన్నాను. ఆరు నెలలు. నన్ను ఇలా చూడలేక రావడం మానేసిందనుకున్నా. వస్తే మొహం చూడకూడదనుకున్నా.

 చావు సంగతి విని ఆయన ఏడుస్తారనో, ప్రాణం మీదికొస్తుందనో భయపడ్డారు అందరూ. ఇది ఎవరి ఊహకీ అందలేదు. నలభై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషి మీద, లేని మనిషి మీద, ఈ గదిలో పడుకుని ఆయన పంతం పట్టుకున్నారు. ఒక్కరు, ఎవరైనా ఒక్కరు, ఆయన చెవి దగ్గర ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పంతం ఉండేది కాదు.

మాస్టారి కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదుగా దిండులోకి జారుతున్నాయి. నీరజ అలవాటుగా దూది అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రోజూ కారేవి ప్రశాంతీ," అంది, గోడకి ఆనుకుని. "జబ్బు నీరనుకున్నాను. రోజూ దూదితో తుడిచి పారేశాను."

ఆ దూదిని అలాగే పట్టుకుని ఆమె కింద కూర్చుండిపోయింది.

తర్వాత రెండు రోజులు మాస్టారు కీబోర్డు ముట్టుకోలేదు. హర్ష మిల్లుకి వెళ్ళలేదు. పూట పూటకీ రక్తపోటు చూస్తూ, తండ్రి మంచం పక్కనే నేల మీద పడుకున్నాడు. రక్తపోటు పెరగలేదు. మూడో రోజు పొద్దున తెర మీద రెండు మాటలున్నాయి. ఫోటో ఇక్కడ.

దండతో సహా తెచ్చి ఎదురుగోడకి తగిలించారు. ఆయన సాయంత్రం దాకా దాని వైపే చూశారు. ఆ సాయంత్రమే, అస్థికలు ఎక్కడ కలిపారని అడిగారు. రేపల్లె అవతల పెనుమూడి రేవులో, కృష్ణలో కలిపామని హర్ష చెప్పాడు. తీసుకెళ్ళమన్నారు.

ఆరు నెలలు మంచం దిగని మనిషిని అంత దూరం ఎలా తీసుకెళ్ళాలో తెలియక పదిరోజులు పట్టింది. సీటు వెనక్కి వాలే కారొకటి మాట్లాడారు. దారిలో ఆయన ఏమైనా చెప్పాలంటే ఎలాగని నీరజ అడిగింది. కీబోర్డుని హర్ష ఫోన్‌కి కలుపుదామంది ప్రశాంతి. మళ్ళీ నీలం లైటు, మళ్ళీ వెతుకులాట. ఫోన్ తెర మీద ఆరు అంకెలు వచ్చాయి. ప్రశాంతి అలవాటుగా కీబోర్డు మీదికి చెయ్యి చాచి, ఆగి, ఫోన్‌ని మాస్టారి కళ్ళ ముందు పట్టుకుంది.

"మీరే కొట్టండి మాస్టారూ."

రెండు సార్లు తప్పు పడింది. మూడోసారి కలిసింది.

పెనుమూడి చేరేసరికి పొద్దున ఎనిమిదయింది. ఏటిగాలి చల్లగా తగులుతోంది. కారు రేవు దాకా దింపి, తలుపులు తెరిచి, ఆయన్ని నీళ్ళ వైపు తిప్పి కూర్చోబెట్టారు. మాస్టారు చాలాసేపు చూశారు. హర్ష దోసిలితో నీళ్ళు తెచ్చి ఆయన ఎడమ చెయ్యి తడిపాడు.  అవతలి వంతెన మీద లారీలు పోతున్నాయి.

కాసేపటికి ఒళ్ళో కీబోర్డు మీద వేళ్ళు కదిలాయి. హర్ష ఫోన్ చూసి అదిరిపడ్డాడు.

ఇంకా ఏం దాచారు.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. "ఏం లేదు నాన్నా," అనబోయి హర్ష ఆగాడు. నీరజ అతని చెయ్యి గిల్లింది.

"ఒకటుంది," అన్నాడు తలొంచుకుని. "డాబా మీద రేకుల గదిలో మీ టైప్ మిషన్లు. పదహారూ. దీపావళికి ముందు పాతసామాన్ల వాడికిచ్చేశాను. ఇంక వాటితో పనేముందిలే అని."

ప్రశాంతికి కూడా ఈ సంగతి తెలియదు.  మిషన్ల మీద ఈగ వాలినా ఊరుకునేవారు కాదు మాస్టారు. మళ్ళీ ఏమౌతుందోనని ఆయన చేతి వైపు చూసింది.

వేళ్ళు నిదానంగా కదిలాయి. హర్ష పైకి చదివాడు.

"ఎప్పుడో అమ్మేద్దామన్నాను. మీ అమ్మే ఒప్పుకోలేదు."

హర్షకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాస్టారి వేళ్ళు ఇంకా ఆగలేదు. ఇంకో వరుస పడుతోంది.

"ఏంటి అన్నయ్యగారూ? ఇంకేమంటున్నారు?" అని అడిగింది ప్రశాంతి.

"డాక్టర్ని మార్చమంటున్నారు," అన్నాడు హర్ష.

మార్చారు. కొత్త డాక్టరు మాస్టారి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఒక్కొక్క ప్రశ్నా ఆయన్నే అడిగి, జవాబులు ఫోన్లో చదువుకున్నాడు. ఆయన పోగొట్టుకున్నది మాట, కదలిక మాత్రమేనని, తెలివి మొదటి రోజు నుంచీ చెక్కుచెదరలేదని ఇంట్లో వాళ్ళకి చెప్పాడు. ఆ మాట విన్న రాత్రి నీరజ అన్నం తినలేకపోయింది. ఏప్రిల్ వచ్చేసరికి మాస్టారు దిండ్ల ఆసరాతో రెండు గంటలు కూర్చుంటున్నారు. ప్రశాంతి రోజూ షాపు తెరిచే ముందు మేడ ఎక్కి, గుమ్మంలో నిలబడి పేరు చెప్పి, రావచ్చా అని అడిగి, తెర మీద జవాబు పడ్డాకే లోపలికి వెళుతోంది.